అన్నంలో మందు: నేను తప్పుగా రాసుకున్న ఒక మాట

ఈ కేసులో ఊరు, వయసు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. రాస్తానంటే అతనూ, ఇంట్లో వాళ్ళూ సరేనన్నారు. ఇంట్లో అందరూ అతన్ని చిన్నోడు అంటారు. కోనసీమలో ఆ పిలుపు లేని వీధి ఉండదు కాబట్టి ఇక్కడా అలాగే పిలుస్తాను. నేను మానసిక ఆరోగ్య నర్సుని. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం తరఫున పీహెచ్‌సీలకు (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు) తిరుగుతాను, పని పడితే ఇళ్ళకీ వెళ్తాను.

నేపథ్యం

చిన్నోడికి 34 ఏళ్ళు. పెళ్ళి కాలేదు. తల్లి, అన్న, వదిన, ఇద్దరు పిల్లలతో కలిసి గోదావరి రెండు పాయల మధ్య ఒక ఊళ్ళో ఉంటాడు. ఆ ఊరికి పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి వెళ్ళాలి. అన్న నాలుగెకరాల రొయ్యల చెరువు లీజుకి చేస్తాడు. మేత వేయడం, ఎంత మేత మిగిలిందో తెలిపే చెక్ ట్రే ఎత్తి చూడడం, రాత్రి కాపలా, రిజిస్టరు రాయడం అన్నీ చిన్నోడి పనులే. ఆ రిజిస్టరు నేను చూశాను. తేదీ, మేత కిలోలు, ట్రేలో మిగిలింది, నీటి రంగు, అన్నీ గడి తప్పకుండా గుండ్రటి అక్షరాలతో రాసి ఉన్నాయి.

ఏడేళ్ళ కిందట మొదటిసారి జబ్బు చేసింది. స్కిజోఫ్రినియా (లేని మాటలు వినిపించే, లేనిపోని అనుమానాలు వచ్చే మానసిక జబ్బు) అని చెప్పి డాక్టరు రాసిన మాత్రలు రెండేళ్ళు వాడాడు, బాగున్నాడు, బాగున్నానని మానేశాడు. మళ్ళీ మాటలు వినిపించడం మొదలై నేను వెళ్ళేనాటికి ఏడాదిన్నర అయింది. ఆ మాటలు ఏరేటర్లు (చెరువు నీళ్ళు చిలికి ఆక్సిజన్ ఎక్కించే యంత్రాలు) తిరిగేటప్పుడే వినిపిస్తాయి. కరెంటు పోతే ఆగిపోతాయి. అసలైన చప్పుడు చెవిన పడుతున్నంతసేపూ దానితోపాటే లేని గొంతులు వినిపించడం మా చదువులో ఉన్న సంగతే గానీ, ఇంత స్పష్టంగా చెప్పిన మనిషిని నేను చూడలేదు.

ఆ మాటలు భరించలేక రెండుసార్లు అర్ధరాత్రి ఏరేటర్లు ఆపేశాడు. చెరువు నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. రెండోసారి తెల్లారేసరికి రొయ్యలు తేలిపోయాయి. ఆ పంట పెట్టుబడిలో సగం అప్పు. అన్న తర్వాత చేసిన పని తప్పే. అయితే ఆ తెల్లారి గట్టు మీద ఆయన చూసింది ఏమిటో గుర్తు పెట్టుకునే ఆ తప్పు గురించి రాస్తున్నాను.

నా దగ్గరికి ఎందుకు వచ్చింది

ఆశా కార్యకర్త ఫోన్ చేసి చెప్పింది: తిండి మానేశాడు, రాత్రంతా గట్టు మీద తిరుగుతున్నాడు. మే నెలలో వెళ్ళాను. బరువు 48 కిలోలు. మూడు నెలల ముందు పీహెచ్‌సీ చీటీలో 59 ఉంది.

నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. "సిస్టరు గారండీ, అన్నంలో మందు పెడుతున్నారండి నాకు," అన్నాడు.

ఇక్కడే నేను పొరబడ్డాను. మన దగ్గర 'మందు పెట్టారు' అంటే చేతబడి లాంటిది. ఫలానా కోడలు మందు పెట్టింది, ఫలానా వాడికి పెట్టుడు మందు పెట్టారు అని పల్లెల్లో ఇప్పటికీ అంటారు. ఆ మందు కక్కిస్తామనే వాళ్ళూ ఉన్నారు. చిన్నోడు అప్పటికే అలాంటి ఒకావిడ దగ్గరికి రెండుసార్లు వెళ్ళి ఏదో పసరు తాగి వాంతులు చేసుకొచ్చాడు. అది కూడా తెలియడంతో నాకు ఇంకేం అనుమానం రాలేదు. కేస్ షీటులో 'భ్రమ: తిండిలో విషం కలుపుతున్నారని, స్థానిక నమ్మకం ప్రభావంతో' అని రాశాను. 'స్థానిక నమ్మకం' అని కలిపినందుకు ఆ పూట లోలోపల సంతోషపడ్డాను కూడా.

అన్నను అడిగాను, మాత్రలు వేసుకుంటున్నాడా అని. "వేసుకుంటున్నాడండి," అన్నాడు. ఎలా వేసుకుంటున్నాడు, ఎవరు ఇస్తున్నారు, మాత్రల ఖాళీ షీట్లు ఏవి అని అడగలేదు. మామూలుగా అడుగుతాను. ఆ రోజు చివరి పంటు ఆరు గంటలకి.

చేసి చూసినవి

అనుమానంతో తిండి మానేసిన వాళ్ళతో వాదించకూడదు. 'ఎవరూ ఏమీ కలపలేదు' అంటే మనమూ ఆ జట్టులోనే చేరతాం. 'అవును, కలుపుతున్నారు' అని తల ఊపనూ కూడదు. 'తినాలంటే భయంగా ఉంది కదా' అని భయాన్ని మాత్రం పట్టుకోవాలి. వేరే చేతులు తగలని తిండి చూపించాలి. పుస్తకాల్లో ప్యాకెట్ ఆహారం అని ఉంటుంది. కోనసీమలో దానికి ప్యాకెట్లు ఎందుకు? చెట్టు నుంచి దింపి తనే కొట్టుకునే బొండం, పెంకుతో ఉడికించిన గుడ్డు, తొక్క ఉన్న చక్కెరకేళి. రెండు వారాల్లో కిలోన్నర పెరిగాడు.

రాత్రి తిరుగుడు మాత్రం పెరిగింది. కూర్చుంటే మోకాళ్ళు ఊగుతున్నాయి. నిలబడితే ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి బరువు మారుస్తూనే ఉంటాడు. జబ్బు ఉద్రేకం తగ్గలేదని నేను డాక్టరు గారికి చెప్పాను. ఆయన నా మాట మీద ఈ జబ్బుకి రాస్తున్న రిస్పెరిడోన్ మాత్రల్ని 4 మిల్లీగ్రాముల నుంచి 6కి పెంచారు. వారానికల్లా ఇంకా ఎక్కువైంది. మాట ముద్దగా వస్తోంది, దిండు మీద చొంగ మరకలు, నడిస్తే చేతులు ఊగడం లేదు.

చేతులు ఊగకపోవడం చూసినప్పుడైనా నాకు వెలగాలి. అది మందు వల్ల కండరాలు బిగుసుకోవడం. మందు చాలడం లేదని నేను అనుకుంటున్న మనిషికి మందు ఎక్కువైన లక్షణాలు ఎలా వచ్చాయి? ఆ ప్రశ్న మనసులో మెదిలింది. అడగకుండానే తిరిగొచ్చాను.

పెరుగన్నం

నాలుగోసారి వెళ్ళింది జూలైలో, ముసురు రోజు. వదిన స్టీలు గిన్నెలో పెరుగన్నం కలిపి తెచ్చి అరుగు మీద పెట్టింది. చిన్నోడు చూసి ముఖం తిప్పుకున్నాడు. నాకు ఏమనిపించిందో, "నేను ఓ ముద్ద తింటాను, చూస్తావా?" అని గిన్నె దగ్గరికి లాక్కున్నాను. నిజానికి అది చేయకూడని పని. రుచి చూసి నిరూపించడం వాదించడం లాంటిదే. నేను తిన్నా 'ఆవిడకి విరుగుడు తెలుసు' అనుకుంటే మనం చేసేది ఏమీ ఉండదు.

ముద్ద నోటి దాకా రాలేదు. వదిన గబుక్కున గిన్నె లాగేసుకుంది. "వద్దండి సిస్టరు గారూ, మీకు వేరే పెడతానండి."

ఎవరూ మాట్లాడలేదు. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ చేతిలో గిన్నె వణుకుతోంది. చిన్నోడు వదిన వైపు చూడలేదు, నా వైపు చూశాడు. 'చూశారా' అని కూడా అనలేదు.

వంటింట్లోకి వెళ్ళాక ఆవిడ బియ్యం డబ్బా వెనక నుంచి చిన్న సీసా తీసింది. రిస్పెరిడోన్ ద్రవం. రంగు లేదు, ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము. పద్నాలుగు నెలల కిందట ఒక ప్రైవేటు డాక్టరు రాసిన చీటీతోనే మెడికల్ షాపులో కొంటున్నారు. మా డాక్టరు గారు రాసే మాత్రలు అలమరలో పేరుకుపోయాయి. కొలిచే గొట్టం ఎప్పుడో విరిగిపోతే స్టీలు చెంచాతో వేస్తోంది. ఆ చెంచా నా సిరంజితో కొలిస్తే ఐదు మిల్లీలీటర్లు పట్టింది. రాత్రి అన్నంలో ఒక చెంచా. మేం మోతాదు పెంచామని విని అన్న 'ఇంకొంచెం వేయి' అన్నాడు. అది చాలనట్టు, కోడలు సరిగ్గా వేయదేమోనని అత్తగారు పొద్దున మజ్జిగలో తన లెక్కన ఇంకొంత కలుపుతోంది. కొన్నాళ్ళు టీలో వేశారు. ఈ ద్రవాన్ని టీలో కలపకూడదని ఆ మందు కాగితం మీదే ఉంటుంది, ఆ కాగితం ఎవరు చదువుతారు? తిన్న రోజు పది, పన్నెండు మిల్లీగ్రాములు. తినని రోజు సున్నా.

అంటే అతని అన్నంలో మందు పెడుతున్నారు. మొదటి రోజు అతను నాకు చెప్పింది అక్షరాలా అదే.

తిన్న గంటకి మగత వస్తోందనీ, నాలుక మందమవుతోందనీ, రెండు పూటలు మానేస్తే తేలిక పడుతోందనీ కూడా మే నెలలోనే చెప్పాడు. తిన్న రోజూ తినని రోజూ పోల్చి చూసుకున్న మనిషి. నేను ఆ మాటలు షీటులోకి ఎక్కించనే లేదు, భ్రమకి సాక్ష్యం ఎందుకు అన్నట్టు.

ఆ సాయంత్రం తేల్చుకోవాల్సినవి

ముందు ప్రాణం సంగతి. జ్వరం, కర్రలా బిగుసుకున్న కండరాలు, బీపీ ఎగుడుదిగుడు, తికమక, ఇవి కలిసి ఉంటే అది మందు తెచ్చిపెట్టే అత్యవసర స్థితి, ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. థర్మామీటరు 98.4 చూపించింది, బీపీ మామూలే, తేదీ వారం చెప్పగలిగాడు. బిగుతు ఉంది గానీ మోచెయ్యి వంచితే వంగుతోంది.

తర్వాత తిరుగుడు. ఇన్ని రోజులు అడగని ప్రశ్న అప్పుడు అడిగాను. "చిన్నోడూ, ఆగనిది మనసా, కాళ్ళా?"

"కాళ్ళండి. మనసు పడుకుందామనే అంటదండి. కాళ్ళు ఒప్పుకోవు."

దాన్ని అకథీసియా అంటారు. మందు వల్ల వచ్చే స్థిమితం లేనితనం. చూసేవాళ్ళకి జబ్బు ముదిరినట్టే ఉంటుంది కాబట్టి మందు పెంచుతారు, పెంచితే ఇంకా పెరుగుతుంది. మేం సరిగ్గా అదే చేశాం. దీంతో చావాలన్న ఆలోచనలు రావచ్చు కాబట్టి సూటిగా అడగాలి. అడిగాను. కాలవలో దిగితే కాళ్ళు ఆగుతాయేమోనని రెండుసార్లు అనిపించిందన్నాడు. దిగలేదు. ఆ రాత్రి తల్లి అతని పక్కనే పడుకోవాలని, కాలవ వైపు ఒంటరిగా పంపొద్దని చెప్పాను. మనసు బాగోలేనప్పుడు ఏ వేళైనా మాట్లాడే ప్రభుత్వ ఫోన్ సాయం, టెలీ మానస్ నంబరు 14416 అతని ఫోన్లోనూ, అన్న ఫోన్లోనూ పెట్టించాను. పంటు రేవు నుంచే డాక్టరు గారికి ఫోన్ చేశాను. ద్రవం వెంటనే ఆపమన్నారు. ఉబ్బసం లేదని నిర్ధారించుకుని కాళ్ళ బాధకి ప్రొప్రనొలోల్ చిన్న మోతాదులో రాశారు. ఒక్కసారిగా ఆపితే మాటలు తిరగబెట్టవచ్చు. ఆ సంగతి తెలిసే ఆపాం. అతనికి తెలియకుండా ఇంకొక్క చుక్క కూడా ఇచ్చే పని నేను చేయలేను, చేయించలేను.

ఇక కష్టమైనది: అతనికి చెప్పాలా? అన్న చేతులు పట్టుకున్నాడు. "చెప్తే మా మొహం చూడడండి, మా ఆవిడ మీదకి వెళ్తాడండి." అది ఊరికే తోసేసే భయం కాదు. బొండాలు తనే కొట్టుకోమని కత్తి చేతికిచ్చింది నేనే. ఇంతవరకు ఎవరినైనా బెదిరించాడా, చెయ్యి చేసుకున్నాడా అని విడివిడిగా అందరినీ అడిగాను. ఎప్పుడూ లేదు. అతని పద్ధతి తప్పించుకు తిరగడం. ఇంకో వైపు, గిన్నె లాక్కోవడం అతను కళ్ళారా చూశాడు. ఇప్పుడు చెప్పకపోతే రేపు నేనిచ్చే మాత్ర కూడా ఆ గిన్నెలోదే అవుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా మనిషికి తన వైద్యం గురించి తేల్చుకునే శక్తి ఉందనే అనుకుని మొదలుపెట్టమంటుంది, లేదని తేలేదాకా. చెప్పాలనే తేల్చుకున్నాను. నేను కాదు, అన్న చెప్పాలి. నేను పక్కన ఉంటాను. ఆ పూట వదిన, పిల్లలు పుట్టింట్లో ఉంటారు.

అన్న చెప్పింది నాలుగు ముక్కలే. "అన్నంలో మందు కలిపాం రా. డాక్టరు రాసిన మందే. నువ్వు వేసుకోవని కలిపాం. తప్పయిపోయింది."

చిన్నోడు చాలాసేపు ఊరుకున్నాడు. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు. పద్నాలుగు నెలలు. వేళ్ళ మీద ఏవో లెక్కలు వేసుకున్నాడు. "అయితే నాకు జబ్బు లేదన్నమాట," అన్నాడు.

ఇది నేను ఊహించలేదు.

విఫలమైనవి

ఒక అనుమానం నిజమని తేలింది కాబట్టి అన్నీ నిజమే అన్నది అతని లెక్క. ఏరేటర్లలో మాటలు కూడా. ఐదు వారాలు ఏ మందూ ముట్టలేదు. కాళ్ళ బాధ పదిరోజుల్లో తగ్గింది, చేతులు మళ్ళీ ఊగాయి, ముఖంలో కళ వచ్చింది. మాటలు మాత్రం పెరిగాయి. ఆగస్టులో ఒక రాత్రి ఆపేద్దామని మళ్ళీ ఏరేటర్ల స్టార్టర్ దగ్గరికి వెళ్ళాడు. అన్న చూసి ఆపాడు. తెల్లారి ఆరింటికి నాకు ఫోన్: "మీ మాట విన్నందుకు రోడ్డు మీద పడతామండి." సమాధానం చెప్పలేదు, విన్నాను. ఆయనదీ న్యాయమే.

ఆస్పత్రిలో చేర్పిద్దామని అందరూ అన్నారు. చట్టం ప్రకారం అతనికి ప్రమాదం ఉన్నా, ఇతరులకి ఉన్నా, తనను తాను చూసుకోలేకపోతున్నా, నామినేట్ చేసిన ప్రతినిధి (పేషెంటు తరఫున మాట్లాడే మనిషి) అడిగితే 30 రోజుల దాకా చేర్చుకోవచ్చు. కానీ అతను తింటున్నాడు, స్నానం చేస్తున్నాడు, చావు ఆలోచనలు పోయాయి. ప్రమాదం రొయ్యలకి. రొయ్యల కోసం మనిషిని కట్టడి చేయకూడదని నేను వాదించాను, డాక్టరు గారు ఒప్పుకున్నారు. స్టార్టర్ పెట్టెకి తాళం వేసి, తాళంచెవి అన్న దగ్గర ఉంచి, చిన్నోణ్ణి పగటి పనికి మార్చితే సగం టెన్షన్ తగ్గింది. ఏడాది కిందటే చేయాల్సిన పని. రాత్రి కాపలాకి జీతగాణ్ణి పెట్టుకోవాల్సి వచ్చింది కాబట్టి అన్నకి అదీ ఖర్చే.

రెండో సలహా నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్. మరచిపోయే వాళ్ళకి, రోజూ మాత్ర ఇబ్బందైన వాళ్ళకి చాలా మంచి పద్ధతి, నేనే ఎంతోమందికి ఇచ్చాను. ఇతనికి వద్దన్నాను. తన ఒంట్లోకి ఏం వెళ్తోందో తెలియకుండా పద్నాలుగు నెలలు గడిపిన మనిషి. ఒకసారి వేస్తే వెనక్కి తీయలేని మందు అతనికి ఇంకో పెరుగన్నమే. తనంతట తనే అడిగితే అప్పుడు చూద్దాం అనుకున్నాను.

పనిచేసినవి

మొదటిది పొయ్యి. పెరట్లో వేరే పొయ్యి, వేరే గిన్నె, తన బియ్యం తనే. తల్లికి ఇది పెద్ద అవమానం. 'ఒకే ఇంట్లో రెండు కుంపట్లా' అని ఏడ్చింది. ఆమెతో నేను గడిపిన సమయం చిన్నోడితో గడిపిన దానికంటే తక్కువేం కాదు. సెప్టెంబరుకి బరువు 55.

రెండోది రిజిస్టరు. మాటలు నిజమా కాదా అని నేను ఎప్పుడూ తేల్చలేదు. "చెరువుకి రాస్తావుగా, చెవికీ రాయి," అన్నాను. అదే గళ్ళ పుస్తకం వెనక పేజీల్లో మొదలుపెట్టాడు: తేదీ, ఏరేటర్లు ఎన్ని గంటలు, మాటలు ఎన్నిసార్లు, నిద్ర ఎంత. మూడు వారాలయ్యాక తనే వేలు పెట్టి చూపించాడు. నిద్ర నాలుగు గంటల లోపు ఉన్న మర్నాడు రెట్టింపు. పక్క చెరువు ఏరేటర్ల దగ్గర కూర్చుంటే అక్కడా అవే గొంతులు, అవే మాటలు. "మా చెరువు వాళ్ళే అయితే అక్కడికెందుకు వస్తారండి?" అన్నాడు. నేను నోరు మెదపలేదు. మెదిపి ఉంటే అది నా వాదన అయిపోయేది.

నిద్రకి ఏదైనా ఉందా అని ఆ తర్వాతి వారం అడిగాడు. షరతులు తనే చెప్పాడు: ఒకటే మందు, చిన్న మోతాదు, పేరు తెలుగులో రాసివ్వాలి, షీటు తనే చింపుకోవాలి, కాళ్ళు ఆడితే ఆ రోజే ఆపేయాలి. డాక్టరు గారు రాత్రి పూట ఒలాంజపిన్ 5 మిల్లీగ్రాములు రాశారు. కాళ్ళ బాధ దీంతో తక్కువ. బరువు, షుగరు పెంచుతుంది. బరువు పెరగడం ఇప్పుడు అతనికి మంచిదే. షుగరు, కొలెస్టరాల్ ముందే చేయించి, మూడో నెలలో మళ్ళీ చేయించాం. ఆరు వారాలకి మోతాదు 10 అయింది, ఆ మాట ముందు అతనే అన్నాడు.

మూడోది తెల్లకాగితం. నామినేట్ చేసిన ప్రతినిధిని సాదా కాగితం మీద రాసి సంతకం పెడితే చాలు. అన్న పేరు రాస్తాడనుకున్నారంతా. రేవు అవతలి మేనమామ పేరు రాశాడు. అన్నకి చివుక్కుమంది. నాకు మాత్రం ఆ సంతకం చూస్తే ఒక ధైర్యం: మళ్ళీ జబ్బు తిరగబెడితే ఏం చేయాలో అడిగే మనిషి ఒకరున్నారు, ఆ మనిషిని ఎంచుకున్నది అతనే.

నా పనిలో మారినవి

మందులు వేసుకుంటున్నారా అని ఇప్పుడు అడగను. ఎవరు, ఏ గిన్నెలో, ఏ చెంచాతో ఇస్తున్నారో చూపించమంటాను. ఖాళీ షీట్లు లెక్కపెడతాను. 'ఎప్పుడైనా తెలియకుండా కలపాల్సి వచ్చిందా? చాలా ఇళ్ళల్లో కలుపుతారు' అని తప్పు పట్టని గొంతుతో అడిగితే పదిలో ఇద్దరో ముగ్గురో తల దించుకుంటారు. కలపడం మానమని చెప్పి ఊరుకుంటే వాళ్ళు నాకు చెప్పడం మానేస్తారు, అంతే. దాని బదులు ఏం చేయాలో కూడా అప్పుడే కూర్చుని మాట్లాడాలి.

షీటులో మొదటి గడిలో నా పదం రాయను. పేషెంటు అన్న మాట అన్నట్టే రాస్తాను. భ్రమ అనే పదం వారం ఆగినా ఎక్కడికీ పోదు.

ఇప్పటికి ఏడాది దాటింది. చిన్నోడి బరువు 60. మాటలు ఉన్నాయి, 'వెనకాల రేడియో లాగా' అంటాడు. వనామి రొయ్యల పట్టుబడి రోజున తూకం దగ్గర రిజిస్టరు అతనే రాశాడు. అన్నతో పంట సంగతులు మాట్లాడతాడు. తల్లి వండిన పులుసు తింటాడు, అన్నం మాత్రం తనే వండుకుంటాడు. వదినతో పిల్లల ద్వారానే మాట.

ఆవిడకి ఎనిమిది నెలలుగా నిద్ర లేదు. వీధిలో 'మరిదికి మందు పెట్టింది' అన్న పేరు ఇంకా పోలేదు, అందులో అబద్ధం లేదు కాబట్టి ఆవిడ ఖండించలేదు కూడా. పోయిన నెల ఆవిడకి వేరే కేస్ షీటు తెరిచాను. మొదటి గడిలో ఆవిడ మాటే ఉంది: "నేను వండింది ఎవరు తింటున్నా చెయ్యి వణుకుతాందండి."